కాలహరణమును గూర్చి

పూర్వము మన పల్లెలలో తలుపులమీద "రేపు రా" యని వ్రాసియుంచెడి యాచార మొకటి కలదు. దయ్యము రాత్రి వచ్చి యా మాటలు చదివి మరలిపోవుననియు, మరునాడు వచ్చి మరల నదేమాట చదివి మరలునదే యనియు జనులు నమ్మిరి. చదువుకొన్నవారు దీనిని విని నవ్వుదురు. మేమును నవ్వుదుము. కాని యా వ్రాత తలుపుల మీదినుండి చెరిగి మన దినచర్యలో స్థిరపడినది. తల్లి కంటికి చేయింపవలసిన శస్త్రచికిత్స, అన్నదమ్ముల నడుమ వ్రాసికొనవలసిన పంపకపు పత్రము, పెద్ద కుమార్తె పైచదువు, తీర్చవలసిన పాతఋణము, ఇవి యన్నియు ప్రతిదినము మన గుమ్మమునకు వచ్చి, "రేపు రా" యని చదువుకొని మరలిపోవుచున్నవి.

కాలహరణము సోమరితనముయొక్క బిడ్డ యని సాధారణముగ చెప్పుదురు. దీనికి మేము సమ్మతింపము. పనులను వాయిదా వేయువారిలో నధికులు మిక్కిలి తీరికలేనివారు. ఉదయము మొదలు రాత్రివరకు నేదో యొకటి చేయుచునే యుందురు. ఉత్తరములకు బదులు వ్రాయుదురు, సభలకు పోవుదురు, పొరుగువారి వివాదములు తీర్చుదురు. చేయనిది యొక్కటే, తమకు ముఖ్యమైనది. ఏల యనగా, నది పెద్దది, రూపములేనిది, ఎచ్చట పట్టుకొనవలయునో తెలియనిది. మొదలిడిన చెడునేమో యను భయమొకటి దానికి తోడగును. ఆ భయమునకు గౌరవమైన పేరు పెట్టుటలో మనము నేర్పరులము: మంచి ముహూర్తము రాలేదందుము, పిల్లల పరీక్షలు ముగియనిమ్మందుము, చేతిలో కొంత నిలువ చేరనిమ్మందుము.

హైదరాబాదు పాతబస్తీలోని దక్కనీ మాటలో "పర్సోం" అను పదమునకు మొన్న యనియే యర్థము కాదు. గడచిపోయిన యే దినమైనను పర్సోం కావచ్చును. పదియేండ్ల క్రిందటి పెండ్లి కూడ పర్సోమే. పలుకుబడిగ నిది మిక్కిలి సొగసైనది. కాని గడచిన కాలమునకు చెల్లిన యీ యుదారత రాబోవు కాలమునకు చెల్లదు. తేదీలేని రేపు పంచాంగములో నెచ్చటను కానరాదు.

కోరికకును సంకల్పమునకును గల భేదమును తెలిసికొనుటకు ఆ నగరమువారికి గ్రంథములతో పనిలేదు. మూసీ యొడ్డున నిలిచిన చాలును. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నది నగరముమీదికి పొంగెను. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. పైనున్న 788 చెరువులలో 221 చెరువుల కట్టలు తెగెను. పైచెరువు నీరు క్రిందిచెరువుమీద పడి, రెండును కలిసి మూడవదానిమీద పడెను. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి ప్రాంతములు కొట్టుకొనిపోయెను. మృతులు సుమారు 15,000 మంది యని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ తోటలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. ఆ వృక్షము ఉస్మానియా ఆసుపత్రి యావరణములో నిలిచియున్నది. ఆనాటి యుదయమున నాటిన మొక్క యెవరిని మోయగలిగెడిది?

నీరు తీసిన పిమ్మట "ఇట్టి యాపద మరల రాకుండవలయును" అని నగరమంతయు కోరియుండును. అది కోరిక. 1909లో నిజాము ప్రభుత్వమువారి పిలుపుమీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దానిని లెక్కలోనికి దించిరి. వచ్చిన నీ రెంత? సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులు. నగరములో నది యెంత నీటిని కీడు లేకుండ దాటింపగలదు? మిగిలిన నీటి నెచ్చట నాపవలయును? నగరమునకు పైన, మూసీమీద నొకటియు ఈసీమీద నొకటియు, రెండు జలాశయములు కట్టవలయునని యా సంవత్సరమే నివేదిక నొసగిరి. నివేదిక వ్రాసిన దినముననే వరదభయము తీరలేదు. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తియయ్యెను. హిమాయత్‌సాగర్ మరి యేడేండ్లకు, 1927లో. నడుమ 1911లో మహబూబ్ అలీఖాన్ గతించి రాజ్యము కుమారునికి సంక్రమించెను. ప్రభువు మారినను పని యాగలేదు. కొలతయు స్థలమును కాగితముమీద నుండుటచే నది యొకరి యుత్సాహమునకు లోబడి యుండలేదని మా యభిప్రాయము.

మన గృహకార్యములకును నిదే మార్గము. "సంస్కృతము నేర్చుకొనవలె"నని యిరువదియేండ్లుగ చెప్పుచున్న యొక పెద్దమనుష్యుని తలపుడు. ఆయన కోరిక యథార్థమైనదే. దాని కొక కొలత లేదు. ఉదయమున కాఫీకి ముందు అరగంట, శబ్దమంజరి మొదటి పది పుటలు, సంక్రాంతిలోపల అని వ్రాసికొన్న దినమున నది సంకల్పమగును. సంక్రాంతికి ఆరు పుటలే యైనచో నేమి? తన పరిమాణ మాయనకు తెలిసినది. ఉగాదికి నాలుగు పుటలు మాత్రమే పెట్టుకొనును. తేదీని జరుపుటకంటె పనిని తగ్గించుట మేలని మేము చెప్పుదుము. జరిపిన తేదీ మరల జరుగును. తగ్గించిన పని ముగియును. ఒకేమారు పది సంకల్పములు పూనువారిని మేమంతగా నమ్మజాలము. ప్రభుత్వమునకే రెండు జలాశయములు ముగింప పదునెనిమిదేండ్లు పట్టినది గదా!

కొన్ని కార్యములకు మాత్రము తగ్గింపు లేదు, జాగును లేదు. తండ్రి వీలునామా వ్రాయక గతించిన యిండ్లలో, ఒకేపంక్తిని భుజించిన సోదరులు న్యాయస్థానపు మెట్లమీద మొగములు త్రిప్పుకొనుట మనమందరము చూచినదే. ఆ తండ్రి దుష్టుడు కాడు. బిడ్డలయెడ ప్రేమచేతనే యా మాట యెత్తుటకు వెనుదీసెను. ఆ ప్రేమకు వారు చెల్లించిన వెల మాత్రము గొప్పది. ఇట్టి పనికి మొదటి మెట్టు మిక్కిలి చిన్నదిగ నుండవలయును: ఈ రాత్రి ఆస్తుల పట్టిక మాత్రము వ్రాయుడు. ఎవరికేమి యన్న ప్రశ్నను ముట్టవలదు. ఆదివారమున దానిని భార్యకు చూపుడు. ఇంకొకరికి తెలిసిన తేదీని జరుపుట తనకు మాత్రమే తెలిసిన తేదీని జరుపునంత సులభము కాదు.

ఒకసారి సాధించిన లక్ష్యమునకు కాపు లేకున్న నేమగునో 2020 అక్టోబరు చూపినది. జలాశయములు రెండును నిలిచియే యున్నవి. కాని పాతబస్తీ దక్షిణపు దిక్కున గుర్రంచెరువు కట్ట తెగి, హాఫిజ్ బాబానగరపు వీథులలో నీరు నిండెను. విశ్వేశ్వరయ్యగారి లెక్క నదినిగూర్చినది. నగరము పెరిగి చెరువుల క్రిందికి ప్రాకినది. కావున మన పట్టికనుగూడ నేడాదికొకమారు, వానలకు ముందు, తీసి చూచుట యవసరము. పోయిన యేటి లక్ష్యములలో నక్కరతీరినవానిని సంకోచింపక కొట్టివేయవచ్చును. అది కాలహరణము కాదు. మిగిలిన వానిలో నొక్కదానికి తేదీ వేసి, ఆ కాగితమును పెట్టెలో గాక, ఇంటివారందరు చూచెడి గోడమీద నంటింపుడు.