పాచికలాట – గణితపాఠము

అమెరికా జూదశాలలలో ‘క్రాప్స్’ అను పాచికలాట గలదు. పైకము లేకుండ దానిని మేము కంప్యూటరుపై ఆడి చూచితిమి.

రెండు పాచికలు పడు విధములు 36. తొలిసారి 7 గాని 11 గాని పడిన గెలుపు. ఇందుకు 8 విధములు గలవు. 2, 3, 12 పడిన ఓటమి. ఇందుకు 4 విధములే. వేరొక సంఖ్య పడినయెడల, 7 పడకమునుపే అది మరల పడవలెను, లేనిచో ఓటమియే.

మొదటి పది ఆటలలో లాభము గాంచి ఉప్పొంగితిమి. వేలకొలది ఆడించినపిమ్మట అది కరిగిపోయెను. ఏలయన, లెక్కప్రకారము 495 ఆటలకు సగటున గెలుపులు 244, ఓటములు 251. సమానపు పందెములలో ఆ 7 ఆటల భేదమే జూదశాల పెట్టెను నింపుచున్నది.

పలుమారు లోడితిమి గనుక ఇక గెలుతుమనుట భ్రమ. పాచికలకు జ్ఞాపకము లేదు. విద్యార్థులారా, యంత్రముపై మేము పోగొట్టుకొన్నవి అంకెలే. జూదరి పోగొట్టుకొనునది బిడ్డల అన్నము.