కొబ్బరి చెట్టును చంపే రెండు పురుగులు

రాజమహేంద్రవరంలో ఏ పెరట్లో చూసినా ఒకటో రెండో కొబ్బరి చెట్లు ఉంటాయి. మన హాస్టల్ వెనక కూడా మూడు ఉన్నాయి. వాటిలో ఒకదాని మొవ్వు వాడిపోయి వాలిపోయింది. ఆ చెట్టు మనం పడుకునే గది వైపే ఒరిగి ఉంది. గాలివానకి పడితే ఏమవుద్ది? అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

1. కొమ్ము పురుగు: ఇది నల్లగా ఉంటుంది. తల మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు కొమ్ము ఉంటుంది. రాత్రిపూట ఎగురుతుంది. మొవ్వులోకి తొలుచుకుని పోయి లేత ఆకును కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. దీని పిల్ల పురుగు మాత్రం పచ్చని చెట్టు జోలికి పోదు. పెంటకుప్పలో, కుళ్ళిన మొద్దుల్లో పెరుగుతుంది.

2. ఎర్రముక్కు పురుగు: దీని సంగతి తిరగబడి ఉంటుంది. ఇందులో చెట్టును గుల్ల చేసేది పిల్ల పురుగే. తల్లి పురుగు చెట్టుకి గాయం ఉన్నచోట గుడ్లు పెడుతుంది. కొమ్ము పురుగు చేసిన కంత కూడా దానికి దారే. కాండం మీద కంతలు, గోధుమరంగు జిగురు, నమిలేసిన పీచు కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టే. చెవి ఆనిస్తే కొరికే చప్పుడు కూడా వినపడుద్ది. మా ఏజెన్సీలో ఈతచెట్టులో దొరికే బొడ్డెంగుల్ని వేయించుకుని తింటారు. కాబట్టి చెట్టు లోపల పురుగు ఉంటుందంటే మాకు వింత కాదు. ఈ ఎర్రముక్కు పురుగే 1980లలో గల్ఫ్ దేశాలకి చేరి ఖర్జూర తోటల్ని పాడుచేసింది.

చెట్టు ఎందుకు తీసెయ్యాలి?
కొబ్బరికి మొవ్వు ఒక్కటే. వేపలాగా పక్క కొమ్మ వెయ్యదు. మొవ్వు చచ్చిపోతే చెట్టు చచ్చినట్టే. ఉంచితే పురుగు పక్క చెట్లకి పోతుంది.

ఎలా తియ్యాలి?
గుల్ల అయిన చెట్టును ఎవరూ ఎక్కకూడదు, విరిగిపోవచ్చు. పని తెలిసినవాళ్ళు మోకు కట్టి, ఇంటికి అవతలి వైపుకి లాగుతూ నరకాలి. పిల్లలు దూరంగా ఉండాలి.

తరవాత ఏం చెయ్యాలి?
నరకడంతో పని సగమే అయినట్టు. తలభాగాన్ని, కంతలున్న కాండాన్ని చీల్చి తగలబెట్టాలి. పురుగులు, పీచుతో అల్లిన గూళ్ళు కూడా మంటలో వెయ్యాలి. మొద్దును వంటచెరుకని పక్కన పడేసి ఉంచకూడదు. నేలలో మిగిలిన మొదలు కూడా తవ్వి తీసెయ్యాలి. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు పడ్డాయి. అలా పడిన మొద్దుల్ని కుళ్ళనిస్తే కొమ్ము పురుగుకి ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

మిగిలిన చెట్లకి:
• పై మట్టల మొదళ్ళలో వేపపిండి, ఇసుక కలిపి వెయ్యాలి.
• మొవ్వులో దూరిన కొమ్ము పురుగును ఇనుప కొక్కెంతో లాగెయ్యాలి.
• పచ్చి మట్టల్ని కాండం దగ్గరికంటా కొయ్యకూడదు. ఆ గాయానికి ఎర్రముక్కు పురుగు వస్తుంది.
• పెంటకుప్పను తిరగేస్తూ పురుగుల్ని ఏరెయ్యాలి. కోళ్ళకి వేస్తే ఇష్టంగా తింటాయి.

వార్డెన్ మేడమ్ గారికి మనవి: అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. ఆ లోపలే ఆ చెట్టును తీయించండి. వంటశాల వెనక ఉన్న చెత్తగుంటను ఆదివారం ఆదివారం మేము తిరగేస్తాం. నేస్తాలూ, ఎవరెవరు వస్తారో ఈ కాగితం కింద పేర్లు రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని