మాస్కు దేనిని ఆపును, దేనిని ఆపదు?

2020వ సంవత్సరములో కోవిడ్ వ్యాపించినపుడు మన గ్రామములలో మూతికి గుడ్డ కట్టుకొననివారు అరుదు. కండువాయో, చీర చెంగో, దర్జీ కుట్టిన మాస్కో, ఏదో ఒకటి ముఖముపై ఉండెడిది. అయితే ఎందుకు కట్టుకొనుచున్నామో తెలిసి కట్టుకొన్నవారు కొద్దిమందియే. జరిమానాకు వెరచి కట్టిన మాస్కు, పోలీసు కనుమరుగు కాగానే గడ్డము క్రిందికి దిగెడిది. మరికొందరు దానిని అన్నిటికిని రక్ష యనుకొని, ఈనాటికిని అదే గుడ్డతో ప్రత్తిచేనిలో పురుగుమందు చల్లుచున్నారు. మొదటిది నిర్లక్ష్యము, రెండవది ప్రాణాపాయము. మాస్కు చేయు పని యేమో తెలియకపోవుటయే రెండింటికిని మూలము.

“జల్లెడలోనుండి పిండి జారినట్లు, కంటికి కనబడని క్రిమి గుడ్డలోనుండి జారిపోదా?” అని ఆ రోజులలో పలువురు అడిగిరి. ఇది తెలివిగల ప్రశ్నయే, తీసివేయదగినది కాదు. కోవిడ్ వైరస్ పరిమాణము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. కాని అది ఒంటరిగా గాలిలో ఎగురదు. దగ్గినపుడు, తుమ్మినపుడు, గట్టిగా మాటలాడినపుడు నోటినుండి వెలువడు తడి తుంపరలతో కలిసి వచ్చును. పెద్ద తుంపరలు నేలబడును. సన్ననివి తలుపులు మూసిన గదిలో పొగవలె చాలసేపు నిలుచును. రోగి నోటికి మాస్కు ఉన్నచో, ఈ తుంపరలు ఎండి సన్నబడక మునుపే చాలవరకు అక్కడనే చిక్కుకొనును. రోగ లక్షణములు కనబడుటకు ఒకటి రెండు రోజుల ముందునుండియే కోవిడ్ ఇతరులకు అంటగలదు గనుక, రోగి యెవరో తెలియక అందరును ధరింపవలసి వచ్చినది.

అదియు గాక, మంచి మాస్కు జల్లెడ వంటిది కాదు, తుమ్మకంప వంటిది. కంపలోనుండి గాలి పోవును గాని, గాలితో వచ్చు ప్రత్తి పింజలు ముండ్లకు తగులుకొనును గదా! అతి సన్నని రేణువులు తిన్నగా పోక, అటునిటు తడబడుచు పోగులకు తగిలి అంటుకొనును. ఎన్-95 మాస్కు పోగులకు విద్యుదావేశము కూడ ఉండును. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు, అది రేణువులను లాగికొనును. మిల్లీమీటరులో పదివేలలో మూడు వంతులంత రేణువులను సైతము నూటికి 95 పాళ్ళు ఆపును గనుకనే దానికి ఆ పేరు. అయితే ముఖమునకు నాలుగు ప్రక్కల అతికినట్లు కూర్చుండవలెను. ముక్కు ప్రక్కన సందు ఉన్నచో, గట్టు తెగిన మడిలో నీరు నిలుపజూచినట్లే యగును. ముందు ప్లాస్టిక్ కవాటముగల మాస్కులు కొన్ని వచ్చినవి. అవి లోనికి పోవు గాలిని వడకట్టును గాని, విడిచిన ఊపిరిని అట్లే బయటికి వదలును. ప్రజలు వాటిని వాడరాదని 2020 జూలైలో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రములకు తెలియజేసినది. ఎక్కువ ధర పెట్టి అవియే కొన్నవారి సొమ్ము ఇరుగుపొరుగువారికి ఉపకరింపలేదు.

మాస్కు కోవిడ్‌తో పుట్టినది కాదు. 1910 చివర మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగగా, మలయాలోని పెనాంగులో జన్మించిన డాక్టర్ వూ లియెన్-టె, అది మనిషి ఊపిరివలన మనిషికి అంటుచున్నదని గ్రహించి, పలుచని కట్టుగుడ్డ మడతల నడుమ దూది ఉంచి మాస్కులు కట్టించెను. మెస్నీ అను ఫ్రెంచి వైద్యుడు దీనిని నమ్మక, మాస్కు లేకయే రోగులను పరీక్షించి, 1911 జనవరిలో అదే ప్లేగుతో మరణించెను. ఆ వ్యాధికి సుమారు 60,000 మంది బలియైరి.

ఇక ఊరివారిచే మాస్కు ధరింపజేయుట యెట్లు? ఇది గ్రామాధికారులకు ముఖ్యమైన ప్రశ్న. దీనికి మంచి సమాధానము బంగ్లాదేశ్ పల్లెలలో దొరికినది. మనము ఒక మడికి ఎరువు వేసి, ప్రక్క మడిని వేయక విడిచి, దిగుబడులు పోల్చి చూచునట్లు, అక్కడ 2020 నవంబరునుండి 2021 ఏప్రిల్ వరకు 600 గ్రామములలో పరీక్ష జరిపిరి. కొన్ని గ్రామములలో మాస్కులు పంచి ప్రచారము చేసిరి. కొన్నిటిని ఉన్నవి ఉన్నట్లు విడిచిరి. మొత్తము మూడు లక్షల నలుబది వేలకు పైగా పెద్దవారు ఈ పరీక్షలో ఉండిరి. విడిచిన గ్రామములలో నూటికి 13 మంది సరిగా మాస్కు ధరింపగా, ప్రచారము చేసినచోట 42 మంది ధరించిరి. లక్షణములతో కూడిన కోవిడ్, రక్తపరీక్షలో రుజువైనది, నూటికి సుమారు 9 పాళ్ళు తగ్గెను. ఆస్పత్రి రకపు మాస్కులు పంచిన గ్రామములలో 60 ఏండ్లు పైబడినవారికి 35 పాళ్ళు తగ్గెను. గుడ్డ మాస్కులు పంచినచోట మేలు స్పష్టముగా తేలలేదు.

9 పాళ్ళేనా యని పెదవి విరువనక్కరలేదు. అదనముగా ధరించినది నూటికి 29 మంది మాత్రమే. ఎరువు మడి యంతటికిని పడలేదన్నమాట.

అక్కడ ఏది పనిచేసినదో చూడుడు. ఇంటింటికి పోయి ఉచితముగా ఇచ్చుట, సంతలోను మసీదువద్దను మరల అందించుట, మాస్కు లేక వీధిలో కనబడినవారికి నొచ్చకుండ గుర్తుచేయుట, ఊరి పెద్దలు, ఇమాములు తాము ధరించి చూపుట. పని చేయనివి కూడ తెలిసినవి. ఫోను సందేశములు, గ్రామమునకు బహుమానము, ఇంటి తలుపునకు అంటించిన ప్రతిజ్ఞ, ఇవి అదనపు లాభమేమియు చేకూర్చలేదు. మన పెద్దలు కొందరు మాస్కును గడ్డముక్రింద పెట్టుకొని, మాస్కు ధరింపుడని మైకులో చెప్పిరి. వినినవారు చెవులకంటె కన్నులనే నమ్మిరి.

కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించినది. ఇప్పుడు చేనిలో ఒంటరిగా పనిచేయువానికి దానికొరకు మాస్కు అనవసరము. దగ్గు, జ్వరము ఉన్నవారు బస్సులోను ఆస్పత్రిలోను ధరించుట మంచిది. చికిత్స ఆరంభించిన క్షయరోగి, ఇతరులకు అంటదని వైద్యుడు చెప్పువరకు ఇంటిలోనివారి మేలు కోరి ధరింపవలెను.

పురుగుమందు సంగతి వేరు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తికి మందు చల్లుచు ఇరువదిమంది వరకు మరణించిరి, వందలమంది ఆస్పత్రులపాలైరి. పైన చెప్పిన తుమ్మకంప రేణువును పట్టును గాని, గాలిలో గాలిగా కలిసిన ఆవిరిని పట్టజాలదు. మిరప కల్లము, వరి నూర్పిడి, కోళ్ళ షెడ్డు, వీటి దుమ్ముకు ఎన్-95 చక్కగా పనిచేయును. మందు ఆవిరికి పనిచేయదు. మూతికి కట్టిన కండువా మరింత చెరుపు. అది మందు తుంపరలతో తడిసి, విషమును పెదవులకు, చర్మమునకు గంటల తరబడి అంటించి యుంచును.

ఆవిరికి, శుద్ధిచేసిన బొగ్గు నింపిన డబ్బీలుగల రబ్బరు మాస్కు కావలెను. మందు సీసాపై చీటీ ఏ రక్షణ చెప్పునో చదివి, ఆ రకమే కొనుడు. విషము చర్మముగుండ కూడ లోనికి పోవును గనుక చేతొడుగులు, నిండు చేతుల చొక్కా, కాళ్ళకు బూట్లు తప్పవు. గాలికి ఎదురుగా నిలిచి చల్లరాదు. మాస్కులోనికి మందు వాసన వచ్చినచో వెంటనే పని ఆపి, చేనినుండి బయటికి వచ్చి డబ్బీలు మార్పవలెను. వాసన తెలియని మందులు కూడ కలవు గనుక, వాసన రాలేదని పాత డబ్బీలనే ఏండ్ల తరబడి వాడక, వాటిపై ముద్రించిన గడువు చూచుకొనవలెను. పని ముగిసిన పిదప వాటిని గాలి చొరని సంచిలో మూసియుంచుడు. బయట వ్రేలాడదీసినచో బొగ్గు తనంతట తానే ఖర్చైపోవును.