ఆపిల్ గుజ్జు, ఆపిల్ వెన్న: నలిగిన పండ్లను నిలువజేయు విధము

ఖైరతాబాదులో 1954వ సంవత్సరము నుండి జరుగుచున్న గణపతి ఉత్సవమును దర్శించుటకు జిల్లాల నుండి గ్రామస్థులు వేలకొలదిగా వచ్చుచుందురు. ఆ దినములలోనే హిమాచల ప్రదేశము, కాశ్మీరముల ఆపిళ్ళు హైదరాబాదు బజారులకు చేరును. తోపుడుబండ్లపై మేలిపండ్లు ముందు అమ్ముడుపోవును. నలిగినవి తరువాత చౌకగా దొరకును. మన గ్రామ మండపములలో మిగిలిపోవు నైవేద్యపు పండ్ల గతియు నిట్టిదే. వీనిని నిలువజేయుట మహిళా సంఘములకు నేర్పదగిన పని. అయితే ఆ పనికి పూనుకొను పంచాయతీ సభ్యులు మొదట గ్రహింపవలసిన విషయ మొకటి కలదు.

నలిగిన పండు వేరు, బూజు పట్టిన పండు వేరు. నలిగిన చోటు చెక్కివేసి తక్కినది వండవచ్చును. బూజు పట్టిన ఆపిల్‌లో పాట్యులిన్ అను విషపదార్థము పుట్టవచ్చును. అది వంట వేడికి పూర్తిగా నశింపదు. ఆపిల్ రసములో అది కిలోకు 50 మైక్రోగ్రాములకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము. కావున అట్టి పండును సగము కోసి వాడుకొనుట కూడదు, మొత్తము పారవేయవలెను.

మంచి పండ్లను కడిగి, గింజలు తీసి, ముక్కలు చేసి, కిలోకు ఒక గ్లాసు నీరు పోసి మూతపెట్టి మెత్తగా ఉడికింపవలెను. జల్లెడలో రుద్దినచో తొక్క పైన నిలిచి గుజ్జు దిగును. ఇదియే ఆపిల్ సాసు. ఆరు నెలలు నిండిన శిశువులకు చక్కెర కలుపకయే చెంచాతో పెట్టవచ్చును. కేసరిలో కలిపినచో చక్కెర తగ్గించుకొనవచ్చును. కాని ఇది ఎక్కువ దినములు నిలువదు.

నిలువ ఉండవలెనన్న వెన్న చేయవలెను. ఇందులో పాలవెన్న ఏమియు లేదు. మెత్తదనమును బట్టి వచ్చిన పేరు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జర్మను సంతతి రైతులు ఇరుగుపొరుగుతో కూడి, పెద్ద కాగులలో దీనిని వంతులవారీగా కలియబెట్టుచు వండెడివారు. మన మామిడి తాండ్ర ఎండక ముందు ఎట్లుండునో ఇదియు నించుమించు అట్లే యుండును.

కిలో గుజ్జునకు 400 గ్రాముల చక్కెర గాని బెల్లము గాని, ఒక నిమ్మకాయ రసము, కొంచెము దాల్చినచెక్క పొడి చేర్చి, అడుగు మందమైన స్టీలు గిన్నెలో సన్నని సెగపై కలుపుచుండవలెను. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పనికిరావు. పులుపునకు లోహము దిగును. చిక్కబడుకొలది గుజ్జు ఎగిరి చేతులపై పడును గనుక పొడవాటి గరిటె వాడవలెను. చల్లని పళ్ళెముపై చెంచాడు వేసినపుడు అంచున నీరు ఊరకున్న సిద్ధమైనట్లు. నీటిలో మరగించిన సీసాలలో వేడిగా నింపి, మూత బిగించి, మరల పది నిమిషములు నీటిలో మరగింపవలెను. తెరచిన సీసాను ఫ్రిజ్‌లో ఉంచవలెను. చపాతీకి, దోసెకు ఇది బాగుగా నప్పును. అమ్మదలచినచో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద సంఘమును నమోదు చేయించుట తప్పనిసరి.

ఆపిళ్ళు దొరకని ఊళ్ళలో జామపండ్లతో ఇట్లే చేయవచ్చును. గుజ్జును గడ్డకట్టించు పెక్టిన్ వానిలోను సమృద్ధిగా నున్నది. సీతాఫలమును మాత్రము ఈ విధముగా వండరాదు. ఎంత తీయని పండైనను వేడి తగిలిన చేదెక్కును.