పూజకు రాని బిడ్డల కోసం

ఆదివారం సాయంత్రం పట్నంలో ఉన్న బిడ్డకు ఫోన్ చేసి "పూజకు పోయినావా నాయనా?" అని అడగడం కావలి నుంచి తడ దాకా మన ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇళ్లలో మామూలే. కొంతకాలం "పోయినానమ్మా" అంటాడు. అది నిజం కాదని మీకు తెలుసు, మీకు తెలుసని అతనికీ తెలుసు. ఆ తర్వాత ఆదివారం సాయంత్రాల్లో ఫోన్ ఎత్తడమే మానేస్తాడు. పీఠం దగ్గర గంట మోగించిన పిల్లవాడు, జ్ఞానోపదేశంలో బహుమతి తెచ్చుకున్న ఆడపిల్ల ఇలా దూరమైతే కన్నవాళ్ల కడుపు తరుక్కుపోతుంది. ఆ బాధను నేను తక్కువ చేయను. కానీ ఆ ప్రశ్న విశ్వాసాన్ని పంచదు. అది హాజరు వేసుకోవడమే.

ఎందుకు మానేశాడో ముందు తెలుసుకోండి, పిలవడం తర్వాత. లూకా సువార్త 24వ అధ్యాయంలో, ప్రభువు లేచిన రోజునే ఇద్దరు శిష్యులు యెరూషలేము వదిలి ఎమ్మావు దారి పడతారు. ప్రభువు వాళ్లకు అడ్డం నిలవలేదు. వాళ్లు పోతున్న వైపే వాళ్లతో కలిసి నడిచాడు. ఏం మాట్లాడుకుంటున్నారని అడిగి, వాళ్ల నిరాశంతా చెప్పనిచ్చాడు. లేఖనాలు వివరించింది ఆ తర్వాతే. రొట్టె విరిచినప్పుడు ఆయన్ను గుర్తుపట్టి, ఆ రాత్రికి రాత్రే వాళ్లంతట వాళ్లు వెనక్కి వచ్చారు. తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి పాఠం నాకు మరొకటి కనిపించలేదు.

అడిగి ఓపిగ్గా వింటే రకరకాల కారణాలు బయటికొస్తాయి. కొన్ని సులువుగా తీరేవి. శ్రీసిటీలోనో కృష్ణపట్నం రేవులోనో పని, ఆదివారం డ్యూటీ. శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా చాలని చెప్పండి. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి మనవాళ్లు శుక్రవారమే గుడికి పోతారు.

కొన్ని మాత్రం గాయాలు. మన సంఘంలో కులం ఉంది. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత విధానాన్ని విడుదల చేసినప్పుడు ఆ మాట ఒప్పుకొంది. కాబట్టి గుడిలోనో సమాధుల దొడ్డిలోనో జరిగిన అవమానాన్ని బిడ్డ చెబితే "మన గుడిలో అలాంటివేం లేవు" అనకండి. 2022లో పూల అంతోని గారు తొలి దళిత కార్డినల్ అయ్యారు. అది మనందరికీ గర్వకారణమే. ఊళ్లో తగిలిన దెబ్బకు మాత్రం అది జవాబు కాదు. ఇంకో సంగతి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే దరఖాస్తులో మతం రాయవద్దని పిల్లలకు చెప్పింది చాలా ఇళ్లలో కన్నవాళ్లే. బడి నుంచి ఉద్యోగం దాకా దాచమని చెప్పి, ఇప్పుడు బయటికి ఒప్పుకోవేమని నిలదీయడం న్యాయం కాదు. ఆ మాట మీరే ముందు ఎత్తండి. ఎందుకు అలా చెప్పవలసి వచ్చిందో మనసు విప్పి చెప్పండి.

ఎక్కువ కుటుంబాల్లో ముడి పడేది పెళ్లి దగ్గర. అబ్బాయి హిందువుల అమ్మాయిని రిజిస్టరు ఆఫీసులో చేసుకున్నాడు. దివ్యసత్ప్రసాదం తీసుకునే వీలు లేదని తెలిసి, ఇక గుడికి వెళ్లడమెందుకని ఆగిపోయాడు. అమ్మాయి జ్ఞానస్నానం తీసుకుంటే తప్ప దారి లేదని పెద్దవాళ్లు పట్టుబడతారు. ఇది పొరపాటు. పీఠాధిపతుల అనుమతితో, అమ్మాయి తన మతంలోనే ఉండి, ఆ పెళ్లిని తిరుసభలో సక్రమం చేసుకోవచ్చు. తన విశ్వాసం నిలుపుకుంటాననీ, పిల్లలను కతోలికులుగా పెంచడానికి శక్తికొద్దీ ప్రయత్నిస్తాననీ మాట ఇవ్వవలసింది మీ అబ్బాయి. ఆ సంగతి అమ్మాయికి తెలియాలి, అంతవరకే. ఆమె చేత ప్రమాణం చేయించరు. ఈ నాలుగు ముక్కలూ తెలియక ఏళ్లకేళ్లు దూరంగా ఉండిపోయిన జంటలున్నాయి. మీరు వెళ్లి విచారణ గురువును కలిసి ఆ దంపతుల విషయంలో ఏమేం కావాలో కనుక్కోండి. తెలుసుకున్నది కొడుక్కి చెప్పండి, తేదీ మాత్రం మీరు పెట్టకండి.

వేరే సంఘానికి వెళ్తున్న బిడ్డ ప్రభువును వదిలిపెట్టలేదని గుర్తుంచుకోండి. అక్కడ ఏం దొరుకుతోందో అడగండి. బైబిలు చదువుతారు, జబ్బు చేస్తే ఇంటికి వచ్చి పేరు పెట్టి ప్రార్థన చేస్తారు అనవచ్చు. 1928లో మన నెల్లూరు మేత్రాసనం ఏర్పడి మిల్‌హిల్ గురువులు పనిచేసిన రోజుల్లో మన ఉపదేశులు పల్లెల్లో చేసిన పనీ ఇదే. రాత్రి జపమాల అయ్యాక ఒక సువార్త భాగం మీ ఇంట్లోనూ చదవండి. బిడ్డ వచ్చిన రోజున చదవమని అతని చేతికి ఇవ్వండి.

మనవడికి చాటుగా జ్ఞానస్నానం ఇప్పించాలన్న ఆలోచన మాత్రం వద్దే వద్దు. ప్రాణాపాయం లేనప్పుడు తల్లిదండ్రుల్లో ఒకరైనా ఒప్పుకోవాలనీ, బిడ్డ ఆ విశ్వాసంలో పెరుగుతుందన్న నమ్మకం ఉండాలనీ తిరుసభ చట్టమే చెబుతోంది. చాటుగా చేసింది బయటపడిన రోజున మనవడే మీ గడప తొక్కకుండా పోతాడు.

పునీత మోనికమ్మ కథ మనకు తెలిసిందే. ఆమె కొడుకు అగస్టీను 354లో పుట్టాడు, 387లో జ్ఞానస్నానం పొందాడు. ఆ నడుమ తల్లికి అబద్ధం చెప్పి రోముకు ఓడెక్కి పోయాడు కూడా. వాడితో వాదించమని ఆమె ఒక పీఠాధిపతిని ప్రాధేయపడితే ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వాదిస్తే వినే స్థితిలో లేడు, నువ్వు ప్రార్థించు అన్నాడు. ఆమె మానకుండా ప్రార్థించింది. ఆ తల్లి పండుగ ఆగస్టు 27న, కొడుకు పండుగ 28న. ఆ మర్నాడే, 29న, వేళాంగణిలో మాత పండుగకు జెండా ఎత్తుతారు, సెప్టెంబరు 8 దాకా ఉత్సవం.

మన కోడూరు తీరంలోని వేళాంగణి మాత గుడికి కులమతాల పట్టింపు లేకుండా జనం వస్తారు. పూజ మానేసినవాళ్లకు కూడా అక్కడికి రావడానికి బెరుకు ఉండదు. ఈసారి పండుగకు మీ బిడ్డను రమ్మనండి. పాపసంకీర్తనం సంగతి ఆ రోజు ఎత్తకండి. దానికి అతను సిద్ధపడ్డ రోజున గురువు ఎన్నేళ్లయిందని తిట్టరనీ, విన్నది ఎవరికీ చెప్పరనీ ధైర్యం చెప్పండి. కోడలిని కూడా రమ్మని మీరే స్వయంగా పిలవండి.