తులాలకు తూగని బంగారం



మన భద్రాచలం వారికి కంచర్ల గోపన్న కథ కొత్త కాదు. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉంటూ, సర్కారు పన్నుల సొమ్ము రామాలయానికి వాడాడన్న అభియోగంపై గోల్కొండ కోటలో ఖైదు అనుభవించాడు. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల బంగారు మాడలు చెల్లించి విడిపించారని మన హైందవ సోదరుల విశ్వాసం. ఆ కథలో బంగారం ఒక మనిషి విడుదలకు చెల్లించిన వెల.

పునీత పేతురు కూడ విడుదల వెలను గురించి వ్రాశాడు. మనలను విడిపించినది వెండి బంగారాలు కావు, క్రీస్తుని అమూల్య రక్తమే అని ఆయన బోధ (1 పేతురు 1:18-19).

అంటే బంగారం చెడ్డదని కాదు. జ్ఞానులు బాలయేసుకు అర్పించిన కానుకలలో అదీ ఉంది (మత్తయి 2:11). దివ్యబలిపూజలో వాడే పాత్ర తుప్పుపట్టే లోహంతో చేసినదైతే, లోపల బంగారు పూత ఉండాలని శ్రీసభ నియమం. అయితే అదే బంగారం సీనాయి కొండ దిగువన దూడగా మారి పూజలందుకుంది (నిర్గమ 32). లోహం ఒక్కటే. దానిని మనం ఎక్కడ నిలబెడుతున్నామో చూసుకోవాలి.

పసిడి, పుత్తడి, కనకం, కాంచనం, సువర్ణం అని మనకు దీనికి ఎన్నో పేర్లు. సువర్ణమంటే మంచి రంగు గలది. ఆడబిడ్డను ఎత్తుకున్నప్పుడు 'మా బంగారు తల్లి' అంటాం. 2013లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆడపిల్లల పథకానికి ఆ పేరే పెట్టింది. అదే బిడ్డకు సంబంధం కుదిరేవేళ మొదటి ప్రశ్న: "ఎన్ని తులాలు పెడతారు?" ఆ తులాల కోసం చేను తాకట్టు పెట్టే తండ్రి బాధ మీకు తెలియనిది కాదు. క్రీస్తు తన రక్తంతో కొన్న బిడ్డను మనం గ్రాములతో తూస్తున్నాం!

కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుండి చట్టరీత్యా నేరం. వివాహాన్ని ఏర్పరచేది వధూవరుల సమ్మతియేనని శ్రీసభ చట్టం 1057వ నిబంధన చెబుతుంది. అందులో తులాల ప్రస్తావన లేదు.

కొడుకులున్న తల్లిదండ్రులారా, ఈ మాట ముందుగా మీకే. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, మీ కుమారుని ఎదుటనే ఒక నిర్ణయం చేసుకోండి: "మన ఇంటికి వచ్చే పిల్లే మనకు బంగారం. ఆమెతోపాటు ఇంకేమీ అడగము." అలా అనగలిగిన ఇంటిని ప్రభువు దీవించునుగాక!