బంతియాటలో ఎడమచేయి

బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ కల్పించిన క్రీడ. తొలి నియమముల ప్రకారము బంతి పట్టినవాడు పరుగెత్తరాదు. బంతిని నేలకు కొట్టుచు ఎదిరిని దాటు విద్య పిమ్మట వచ్చినది.

దీనికి వేగమొక్కటే చాలదు. కుడిచేతి వ్రేళ్లతో బంతిని మోకాలియెత్తు మించకుండ కొట్టుచు, చూపు ఎదిరి నడుముపై నిలుపవలెను. కుడివైపునకు మెల్లగ అడుగిడి, అతడటు మొగ్గినంతనే బంతిని ఎడమచేతికి మార్చి వడిగ సాగవలెను.

ఎడమచేతితో కొట్టనేరని బాలుని ఎదిరి కుడివైపుననే అడ్డగించి ఆపివేయును. విస్తరియొద్ద ఆ చేతిని వారించు తల్లిదండ్రులు ఆటస్థలమున దానికి స్వేచ్ఛ నొసగవలెనని మా మనవి. బాలురను, బాలికలను గూడ దినమునకు పావుగంట ఎడమచేతితోనే బంతి కొట్టనిండు. తొలుత బంతి జారును, మందలింపకుడు. అభ్యాసమున చేయి కుదురును.